ఏటి అడుగున సముద్రం

ఓ గాజు గ్లాసులో సగం వరకూ మంచినీళ్లు పోయండి. మరో గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు, రెండు చుక్కల సిరా కలపండి. ఆ రంగునీటిని మొదటి గ్లాసు అంచు వెంట మెల్లగా జారవిడవండి. మంచినీళ్ల కిందికి చేరి, విడిగా ఓ పొరలా నిలుస్తుంది! చెంచాతో తిప్పితే తప్ప ఆ గీత అంత తొందరగా చెరగదు. (పిల్లల సైన్సు ప్రాజెక్టుకూ పనికొస్తుంది.)

గోదావరి సముద్రంలో కలిసేచోటా ఇదే తంతు. మంచినీటి కన్నా సముద్రపు నీరు లీటరుకు సుమారు 25 గ్రాములే ఎక్కువ బరువు. ఆ కాస్త బరువుతోనే ఉప్పునీరు ఏటి అడుగు నుంచి దొంగదారిన ఎదురెక్కుతుంది. వరదల్లో దాని ఆటలు సాగవు. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజి దగ్గరి నీరంతా కాలువల్లోకి మళ్లుతుంది. సుమారు 10 లక్షల ఎకరాల డెల్టా తడవాలి కదా! దిగువన గౌతమి, వశిష్ఠ పాయల్లో పారేది నామమాత్రమే. ఇక పెత్తనమంతా సముద్రానిదే.

అయితే లోతు తక్కువ పాయల్లో పొరలు ఎక్కువకాలం నిలవవు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. నీరు ముందుకూ వెనక్కూ కదులుతూ అడుగు ఇసుకను రాసుకుంటే సుడులు లేస్తాయి. లోతు లేదు కాబట్టి అవి పైదాకా వచ్చేస్తాయి. చెంచా పని చేసేది అవే. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది, కలయికా ఎక్కువే. అష్టమి నాటికి పోటు తగ్గితే పొరలు మళ్లీ విడతాయి. పొరలుంటే పైనీరు కాస్త తియ్యగా ఉంటుంది. కలిసిపోతే ఎక్కడ ముంచినా ఉప్పే.

అమెరికాలోని మిసిసిపీది వేరే కథ. సముద్రానికి దగ్గరగా దాని అడుగు సముద్రమట్టం కన్నా చాలా దిగువన ఉంటుంది. 2023 కరవులో నది నీరసించగానే ఉప్పునీరు అడుగుపట్టునే పైకి పాకింది. దిగువ ఊళ్లవాళ్లు సీసా నీళ్లు తాగారు. న్యూ ఆర్లీన్స్ తాగునీటికీ ముప్పేనని సెప్టెంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఇంజినీర్లు నది అడుగున కట్టిన గట్టును ఇంకాస్త ఎత్తు పెంచారు. పైన ఓడలు తిరుగుతూనే ఉన్నాయి! చివరికి నగరం గట్టెక్కింది.

ఉప్పు అడుగునే ఉంది కాబట్టి ఆ గట్టు పనిచేసింది. పైనా కిందా కలిసిపోయిన పాయలో ఆ ఉపాయం పారదు. ఎగువ నుంచి మంచినీరు వదిలి ఉప్పును నెట్టాల్సిందే. కానీ వేసవి మొదట్లో ఆ నీరు ఎక్కడిది? అప్పటికి దాళ్వా వరి పొట్ట మీద ఉంటుంది.