కరువు నేలలో చెమ్మ వెతుక్కునే ఈగ

గుంతకల్లు, ఉరవకొండ చుట్టుపక్కల నల్లరేగడి వేసవికి నెర్రెలు విచ్చుతుంది. ఏడాది మొత్తానికీ సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూగా వాన పడే ప్రాంతం ఇది. చెమ్మ తగ్గితే ఇట్టే చచ్చిపోయే ఇసుక ఈగ ఇలాంటి చోట బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ దానికి బయటి వానతో పనిలేదు. మట్టితో పేర్చిన రాతిగోడ సందులో, ఎలుక బొక్కలో, ఎద్దుల మూత్రం ఇంకిన కొట్టం నేలలో నడివేసవిలోనూ కాస్త చల్లదనం, కాస్త తడి మిగిలే ఉంటాయి. నువ్వుగింజంత ప్రాణికి ఆ మాత్రం చాలు. పగలంతా అక్కడ దాక్కుని, పొద్దు గూకాక బయటికి వస్తుంది.

దోమల గురించి మనకు తెలిసిన జాగ్రత్తలు దీని దగ్గర సగమే పనిచేస్తాయి. దోమ నీళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి తొట్లు, కుండలు బోర్లిస్తే సరిపోతుంది. ఇసుక ఈగ గుడ్లు పెట్టేది పేడ, ఆకు చెత్త కుళ్లిన తడిమట్టిలో. పిల్లపురుగులు ఆ కుళ్లునే తిని పెరుగుతాయి. గుడ్డు నుంచి ఈగ కావడానికి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మట్టిలో ఆ పురుగుల్ని వెతికి పట్టుకోవడం నిపుణులకే కష్టం. పెద్దదయ్యాక కూడా దూరం ఎగరలేదు, గెంతుతున్నట్టు పోతుంది. వాలినప్పుడు రెక్కలు రెండూ పైకి లేచి ఉంటాయి. ఒళ్లంతా నూగు. రొద చేయదు కాబట్టి చెవి దగ్గరికి వచ్చినా తెలియదు. రక్తం తాగేది ఆడ ఈగే. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని పీలుస్తుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరిపోతుంది.

తెలుగు నేల మీద ఈ ఈగ పేరు గట్టిగా వినపడింది 2003లో. ఆ ఏడాది జూన్ నుంచి కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, మూర్ఛలు, ఆపైన స్పృహ లేకపోవడం. పొద్దున ఆడుకున్న బిడ్డ మరుసటి రోజుకు ఉండేవాడు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది చనిపోయారు. సగానికి పైనే. మొదట మెదడువాపు అనగానే అందరి అనుమానమూ దోమ మోసుకొచ్చే జపనీస్ ఎన్సెఫలైటిస్ మీదికే పోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది వేరు: చాందీపుర వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపుర అనే ఊళ్లో జ్వరంతో ఉన్నవారి రక్తంలో మొదటిసారి దొరికిన వైరస్ అది. రేబిస్ వైరస్ కుటుంబానికే చెందినది. దాదాపు నలభై ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

వైద్యులందరూ ఒక్క మాట మీద లేరు. ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రి వైద్యులు కొందరు వాదించారు. ఆ వాదన అవసరమైనదే అనుకుంటాను, ఎందుకంటే పిల్లవాడికి ఏ వైద్యం ముందు చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా అనే ఇసుక ఈగల్లో ఈ వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఈ రకానికి బల్లుల రక్తమంటేనే ఎక్కువ ఇష్టం. తల్లి ఈగ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు వైరస్ చేరుతుందని ప్రయోగశాలలో చూశారు. అంటే రోగి లేకపోయినా వైరస్ గోడసందుల్లోనే తరాలు గడుపుకోగలదు. 2005, 2006లలో వరంగల్ వైపు మళ్లీ కేసులు వచ్చాయి. 2024లో గుజరాత్‌లో మళ్లీ పిల్లల ప్రాణాలు పోయాయి. ఇప్పటికీ టీకా లేదు, సూటిగా పనిచేసే మందూ లేదు. 183 మంది పిల్లల్ని ఇంత త్వరగా మరిచిపోవడం నాకు బాధగా ఉంది.

ఇసుక ఈగకు అంతకు ముందున్న అపకీర్తి కాలా అజార్. నెలల తరబడి జ్వరం, ప్లీహం వాచి కడుపులో బల్ల, మనిషి చిక్కి నల్లబడటం, వైద్యం లేకపోతే చావు. ఆ జబ్బు పరాన్నజీవిని 1903లో గుర్తించిన ఇద్దరిలో ఒకరు మద్రాసు వైద్యుడు చార్లెస్ డోనోవన్. అప్పటికి గుంతకల్లు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రెండోవాడు విలియం లీష్మన్. ఇద్దరి పేర్లూ కలిపి రోనాల్డ్ రాస్ ఆ జీవికి లీష్మేనియా డోనోవని అని పేరు పెట్టాడు. దాన్ని మోసేది ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అనే ఇసుక ఈగ అన్న అనుమానం 1920ల నుంచే ఉంది. రుజువే దొరకలేదు. రోగి రక్తం తాగించిన ఈగలు మళ్లీ కుట్టేలోపే చచ్చిపోయేవి, బతికినవి కుట్టినా జబ్బు సోకేది కాదు. చివరికి చిక్కు విప్పింది ఎండుద్రాక్ష. రక్తం తాగాక ఈగలకు ఎండుద్రాక్ష రసం పెడితే అవి బతికాయి, పరాన్నజీవులు వాటి పొట్టలో విపరీతంగా పెరిగి గొంతు దాకా వచ్చాయి. అలా గొంతు పూడిన ఈగకు రక్తం సాఫీగా లోపలికి పోదు. మళ్లీ మళ్లీ కుడుతూ, కుట్టినప్పుడల్లా పరాన్నజీవులను గాయంలోకి కక్కుతుంది. స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ 1942లో ప్రకటించిన ప్రయోగంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఐదుగురికీ జబ్బు సోకింది.

అర్జెంటిపెస్ దక్షిణాదిలోనూ ఉంది. మరి కాలా అజార్ బీహార్, జార్ఖండ్, బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో పాతుకుపోయి ఇక్కడెందుకు పాతుకోలేదు? ఒక్క కారణం చెప్పలేం. గంగామైదానం ఒండ్రునేల, పైనే ఉండే భూగర్భజలం, తేమగాలి ఈగలను లెక్కలేనంతగా పెంచుతాయి. రాయలసీమ మెట్టలో అవి పరిమితం. పైగా మన దేశంలో ఈ పరాన్నజీవికి మనిషే ఆశ్రయం. రోగి ఉండాలి, అతణ్ని కుట్టిన ఈగ ఇంకొకరిని కుట్టాలి. పశువులు దగ్గరుంటే ఆ ఈగ చాలావరకు వాటి మీదే వాలుతుంది. 1992లో దేశంలో 77 వేలు దాటిన కేసులు 2023 నాటికి ఆరు వందల లోపుకు దిగాయి. అయినా జబ్బు నయమయ్యాక కొందరి చర్మం మీద మచ్చలుగా పరాన్నజీవి ఏళ్ల తరబడి నిలుస్తుంది. గుంతకల్లు లాంటి పెద్ద జంక్షన్‌లో ఉత్తరాది కూలీలు దిగుతూనే ఉంటారు. రెండు వారాలు దాటిన జ్వరం, కడుపులో బల్ల కనిపిస్తే ఏ ఊరి నుంచి వచ్చావని డాక్టర్ అడగాలి. అనుమానం వస్తే వేలిచుక్క రక్తంతో నిమిషాల్లో తేల్చే పరీక్ష ఉంది.

ఇంట్లో చేయాల్సింది గోడ దగ్గరే మొదలవుతుంది. సందులు పూడ్చి నున్నగా మెత్తాలి, ముఖ్యంగా కొట్టం గోడలు. పేడదిబ్బను పడకింటికి దూరంగా వేయాలి. కొట్టం పక్కన పిల్లల్ని పడుకోబెట్టకూడదు. దోమతెర కొంటే సన్న కన్నాలది, మందు పట్టించినది కొనాలి. ఇక వానలు మొదలయ్యే నెలల్లో బిడ్డకు జ్వరంతో పాటు మూర్ఛ వస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. 2003లో చాలామంది పిల్లలకు మూర్ఛ వచ్చాక మిగిలింది ఒకటి రెండు రోజులే.