మీకు తెలుసా? గురుడు ఊపే ఉయ్యాల

తిరుపతికి ఆగ్నేయంగా మూడు నాలుగు గంటల దారిలో ఉన్న మద్రాసు (నేటి చెన్నై)లోని అప్పటి వేధశాల నుంచి 1861 ఏప్రిల్ 17న నార్మన్ పాగ్సన్ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి, ‘ఏషియా’ అని పేరుపెట్టాడు. మన ఖండం నుంచి దొరికిన తొలి గ్రహశకలం అదే!

సూర్యుడికి సగటున 36 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుందది. ఇంకో కోటి కిలోమీటర్లు దాటితే చాలు, గ్రహశకలాల పట్టీలో ఆ చోటు దాదాపు ఖాళీ. ఎందుకంటే, అక్కడ తిరిగే రాయి మూడు చుట్లు చుట్టేసరికి గురుగ్రహం సరిగ్గా ఒక చుట్టు ముగిస్తుంది. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ చిన్నగా తోస్తే ఊపు పెరుగుతుంది కదా, గురుడి ఆకర్షణా అలాగే ఒకే లయలో లాగిలాగి ఆ రాయి కక్ష్యను సాగదీస్తుంది. చివరికది అంగారకుడి దారిలోకో, మన భూమి దారిలోకో వచ్చిపడుతుంది.

తెలిసిన గ్రహశకలాలు వందైనా లేని 1866లోనే ఖగోళ శాస్త్రవేత్త డేనియల్ కిర్క్‌వుడ్ ఇలాంటి ఖాళీలను పట్టుకోవడం నిజంగా అబ్బురం.