స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్క

కొత్త కారు బుక్ చేసినవాళ్లు డెలివరీకి ముందే షోరూమ్‌లో చేయించుకునే పనుల్లో సీట్ కవర్లు, ఫ్లోర్ మ్యాట్లతో పాటు సస్పెన్షన్ మార్పు కూడా ఒకటి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు తగలకుండా బండిని కాస్త లేపి ఇవ్వమని కొనేవాళ్లు అడుగుతారు. అందుకు ఎక్కువగా వాడేది అరచేతిలో పట్టే రబ్బరు లేదా పాలియూరెథేన్ ముక్క. బఫర్ అనీ స్పేసర్ అనీ పిలిచే ఈ ముక్కను కాయిల్ స్ప్రింగు రెండు చుట్ల మధ్య ఇరికిస్తే కారు రెండు, రెండున్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పని తేలిక, ఖర్చు తక్కువ. కానీ ఆ ముక్క కదిలించేది ఎత్తును ఒక్కదాన్నే కాదు. కారు మొత్తంలో అన్నిటికంటే అందమైన లెక్క ఒకటుంది, రబ్బరు ముక్క ఆ లెక్కను కూడా కదిలిస్తుంది.

సస్పెన్షన్‌లో ప్రధానమైనవి రెండు భాగాలు. బరువు మోసేది స్ప్రింగు. ఒకసారి ఊగడం మొదలైన స్ప్రింగును ఆపేది డ్యాంపర్, మెకానిక్‌ల మాటలో షాకర్. మన హ్యాచ్‌బ్యాక్‌లు, సెడాన్‌లలో చాలావాటికి ముందు వైపు ఈ రెండూ కలిసి ఒకే నిలువు స్తంభంగా, అంటే స్ట్రట్‌గా, ఉంటాయి. ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ అమరికను బ్రిటన్‌లో 1950 నాటి ఫోర్డ్ కాన్సుల్ జనంలోకి తెచ్చింది. స్ప్రింగును ఎంత నొక్కితే అంత ఎదురు తోస్తుందన్న సూత్రం రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించినదే. ఇక్కడికి ఈ పరిచయం చాలు, అసలు విషయం ఆ తర్వాతే మొదలవుతుంది.

కారు బరువంతా పడినప్పుడు స్ప్రింగు తన సహజ పొడవు నుంచి కొంత కుంగుతుంది. ఆ కుంగుడు ఎంతో తెలిస్తే కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయవచ్చు. కారు బరువెంత, స్ప్రింగు ఎంత గట్టిది అని విడివిడిగా తెలియక్కర్లేదు. కుంగుడును సెంటీమీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 5ను భాగిస్తే వచ్చేదే, సుమారుగా, సెకనుకు ఊపుల సంఖ్య. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు, అంటే ఒక హెర్ట్జ్. 16 సెంటీమీటర్లకు 1.25 హెర్ట్జ్. 4 సెంటీమీటర్లు మాత్రమే కుంగే గట్టి స్ప్రింగుకు 2.5 హెర్ట్జ్. 800 కిలోల చిన్న కారుకూ 16 టన్నుల బస్సుకూ ఇదే సూత్రం. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, 25 సెంటీమీటర్ల దారానికి తాళంచెవి కట్టి ఊపితే అదీ సెకనుకు ఒక్కసారే అటూ ఇటూ పోయివస్తుంది. లోలకం పొడవు ఉండే చోట స్ప్రింగు కుంగుడు వచ్చి కూర్చుంది, అంతే తేడా. రెండింటినీ నడిపించేది ఒకే గురుత్వాకర్షణ.

సాధారణ కార్లను 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్యలో ఊగేలా తయారుచేస్తారు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కంపనాలకు ఎక్కువగా ఇబ్బంది పడేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యన. కారు ఊపు దానికి ఎంత దూరంగా, ఎంత కిందుగా ఉంటే ప్రయాణం అంత హాయి.

ఇప్పుడు రబ్బరు ముక్క దగ్గరికి రావాలి. స్ప్రింగులో పనిచేసే చుట్లు ఆరు అనీ, కారు బరువుకు అది మొత్తం 15 సెంటీమీటర్లు కుంగిందనీ అనుకుందాం. చుట్టుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వాటా. బఫర్ ఒక ఖాళీని పూర్తిగా నింపేసి ఆ చుట్టును కుంగనివ్వలేదు. మిగిలిన ఐదు చుట్లూ ఎప్పటిలాగే రెండున్నర చొప్పున కుంగుతాయి, మొత్తం పన్నెండున్నర. కారు సరిగ్గా రెండున్నర సెంటీమీటర్లు లేచింది. కొన్నవాళ్లకు కావలసిందీ అదే. అయితే కుంగుడు తగ్గింది కనుక ఊపు 1.29 హెర్ట్జ్ నుంచి 1.41కి పెరిగింది. స్ప్రింగు గట్టిదనం చుట్ల సంఖ్యకు విలోమానుపాతం, కాబట్టి ఆరు చుట్లు ఐదైతే అది 20 శాతం పెరిగినట్టు. ఈ మార్పులో ఎత్తును, గట్టిదనాన్ని విడదీయడం కుదరదు. పైగా ముక్క చుట్టు పొడవునా సమంగా ఆనదు. దాని అంచులు తాకే చోట ఒత్తిడి పోగుపడుతుంది. రాపిడికి స్ప్రింగు మీది పూత లేచిపోతే తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

ఇక్కడ చాలామంది, అనుభవమున్న మెకానిక్‌లు సైతం, పొరబడే చోటు ఒకటుంది. స్ప్రింగును ఏ రకంగా నొక్కి బిగించినా గట్టిపడుతుందని వాళ్ల నమ్మకం. మోటార్‌సైకిల్ వెనక షాకర్ మీది అడ్జస్టర్‌ను తిప్పినవాళ్లంతా స్ప్రింగు ‘హార్డ్’ అయిందనే చెబుతారు. నిజానికి చుట్ల మధ్య కాకుండా స్ప్రింగు కూర్చునే సీటు కింద ముక్క పెడితే, పనిచేసే చుట్లు ఆరూ ఆరుగానే ఉంటాయి. అదే బరువు, అదే కుంగుడు, అదే ఊపు. మారేది ఎత్తు ఒక్కటే. అయినా ఇది కూడా ఉచితంగా రాదు. కారు పైకి లేచిన మేరకు డ్యాంపర్ ముందే సాగి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటి చక్రం కిందికి జారేటప్పుడు దానికి మిగిలే చోటు తగ్గి, రాడ్ చివరికంటా వచ్చి ‘టక్’మని ఆగుతుంది. మూడో పద్ధతిలో మొత్తం స్ట్రట్ పైన ఒక లోహపు బిళ్ల పెడతారు. అందులో స్ప్రింగుకూ డ్యాంపర్‌కూ ఏమీ కాదు, కానీ చక్రాన్ని పట్టుకునే చేతులు, ఇంజన్ నుంచి శక్తి తెచ్చే యాక్సిల్ కిందికి వంగి, జాయింట్లు రోజంతా ఆ కోణంలోనే తిరుగుతాయి.

ముందు స్ప్రింగులకూ వెనక స్ప్రింగులకూ మధ్య ఉన్న ఒప్పందం ఈ లెక్కల కన్నా సూక్ష్మమైనది. 1930ల ముందు వరకూ ఇంజనీర్లలో ఎక్కువమంది, స్టీరింగ్ అదుపులో ఉండాలంటే ముందు స్ప్రింగులు గట్టిగా, హాయి కోసం వెనకవి మెత్తగా ఉండాలని నమ్మారు. ఆ కాలపు కార్లు గతుకు దాటగానే ముక్కూ తోకా మార్చి మార్చి ఎగిరేవి. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికాలోని కాడిలాక్‌లో చేరిన మారిస్ ఆలీ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. ఒక పెద్ద లిమోజీన్‌కు ముందూ వెనకా జరపగలిగే బరువులు బిగించి, స్ప్రింగులు మార్చి మార్చి రోడ్డు మీద తిప్పించాడు. హాయి ఎంతో ప్రధానంగా తేల్చింది అందులో కూర్చున్న మనుషులే. తేలింది అప్పటి నమ్మకానికి పూర్తిగా ఎదురు. ముందు స్ప్రింగులే మెత్తగా ఉండాలి, వెనకవి కాస్త గట్టిగా ఉండాలి.

కారణం కాలంలో ఉంది. ఏ గతుకైనా ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనక చక్రాలకు కాస్త ఆగి తగులుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, రెండున్నర మీటర్లు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అయితే ఆ ఆలస్యం 0.15 సెకను. ముందు వైపు 1.2 హెర్ట్జ్‌తో ఊగితే ఒక ఊపు 0.83 సెకనులో పూర్తవుతుంది. వెనక 1.4 హెర్ట్జ్ అయితే దాని ఊపుకు 0.71 సెకను చాలు, ఆలస్యంతో కలిపి 0.86. ఆలస్యంగా మొదలైన వెనక భాగం తొందరగా ఊగి ముందు భాగాన్ని అందుకుంది. రెండూ ఇంచుమించు ఒకే క్షణాన పైన, ఒకే క్షణాన కింద ఉంటాయి. అంటే కారు ముక్కు ఎగరేయకుండా మొత్తంగా ఒక్కసారి లేచి దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్లను ఎక్కువగా విసిగించేది ముందుకూ వెనక్కూ తూలడం. ఆలీ వదిలించింది దాన్నే. రెండు ముందు చక్రాలనూ కలిపే అప్పటి ఒకే ఇరుసుకు మెత్తటి స్ప్రింగులు వేస్తే ముందు చక్రాలు అదుపు లేకుండా కొట్టుకునేవి. అందుకే రెండు ముందు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ తప్పనిసరైంది, 1934 మోడల్ కాడిలాక్‌లలో అది వచ్చింది. ఇంత గొప్ప ఆవిష్కరణ ఒక పాత నమ్మకాన్ని రోడ్డు మీద పరీక్షించడంలోంచి పుట్టింది.

పైన చెప్పిన కారుకు ముందు వైపు మాత్రమే బఫర్లు వేశారనుకుందాం. 20 శాతం గట్టిపడిన ముందు స్ప్రింగు 1.31 హెర్ట్జ్‌కు చేరుతుంది, ఊపు 0.76 సెకనులోనే ముగుస్తుంది. వెనక భాగం అందుకోవలసిన 0.03 సెకను తేడా 0.10కి పెరిగింది. షోరూమ్ ఆవరణలో ఒక చుట్టు తిప్పితే ఇది తెలియదు. హైవే మీద గంటసేపు పోయాక వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్లకు తెలుస్తుంది.

డ్యాంపర్ సంగతి చిన్నదే అయినా వదలకూడదు. అది పాత స్ప్రింగుకు తగ్గట్టుగా తయారైనది. గతుకు తగిలాక ఒక పూర్తి ఊపు అయ్యేసరికి 14 శాతం కదలిక మిగిలేలా అమర్చిన డ్యాంపర్, 20 శాతం గట్టి స్ప్రింగుతో 17 శాతం మిగులుస్తుంది. అదీ కొత్తగా ఉన్నప్పుడు. షాకర్ అరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతూనే పోతుంది.

అసలు ఆ రెండున్నర సెంటీమీటర్లు అవసరమా అన్నది రేఖాగణితం ప్రశ్న. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న నున్నటి వంపు. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు దాని మధ్యకు వచ్చేసరికి నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. వాటి మధ్య వంపు కారు అడుగువైపు పొడుచుకువచ్చేది 4.6 సెంటీమీటర్లు మాత్రమే. మెల్లగా దాటితే 16 సెంటీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారు ఐదుగురితో, సామానుతో కుంగినా దానికి తగలకూడదు. తగిలేది కాలనీ వీధుల్లో, ఊరి మొగల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన కాంక్రీటు గట్లు. అర మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గట్టుకు ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉండగా మొత్తం 20 సెంటీమీటర్లూ కారు అడుగు కిందే ఉంటాయి. 16కు రెండున్నర కలిపినా ఆ గట్టు దాటదు. రోడ్డు వేసినవాళ్లు ప్రమాణం పాటించకపోవడం వల్ల వచ్చిన బాధను ప్రతి కారు స్ప్రింగులోనూ రబ్బరు కుక్కి తీర్చుకోవలసిరావడం అన్యాయం.

ఎత్తు పెరిగితే గరిమనాభి కూడా పైకి జరుగుతుంది. బోల్తా పడే ముప్పును అంచనా వేసేటప్పుడు ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తారు. 1.48 మీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే అది 1.35. ఎత్తు రెండున్నర పెరిగితే 1.29. ఆ అంకె తగ్గేకొద్దీ ముప్పు ఎక్కువ. ఒక్క వైపే లేపితే హెడ్‌లైట్ల కోణం మారి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది లేదా రోడ్డు దగ్గరలోనే ఆగిపోతుంది. చక్రాల అలైన్‌మెంట్ తప్పుతుంది. ముందున్న వాహనాన్ని కనిపెట్టే కెమెరా, రాడార్ ఉన్న కార్లలో అవి ఫలానా ఎత్తు నుంచి ఫలానా కోణంలో చూస్తాయన్న లెక్క కూడా చెదురుతుంది.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన 182ఎ సెక్షన్ చట్టంలోని ఏడో అధ్యాయం నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చిన లేదా అమ్మిన డీలరుకు ఏడాది వరకు జైలు, వాహనానికి లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చంటోంది. కాబట్టి షోరూమ్‌లో అడగదగింది రబ్బరు ముక్క కాదు. ఆ మోడల్‌లోనే కంపెనీ ఎక్కువ ఎత్తుతో, దానికి సరిపడే స్ప్రింగు, డ్యాంపర్ జంటతో తయారుచేసిన వేరియంట్ ఉందేమో అడగాలి. ఎత్తును సరిపోల్చేటప్పుడు బ్రోచర్‌లోని గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ కారుదా, నిండు బరువుతో కొలిచినదా అన్నది చూసుకోవాలి. ఏ విడిభాగం మార్చినా దాని కంపెనీ పార్ట్ నంబరు, వారంటీ కొనసాగుతుందన్న మాట బిల్లు మీద రాయించుకోవాలి. బండి తీసుకునే ముందు నాలుగు చక్రాల అలైన్‌మెంట్ షీటు, హెడ్‌లైట్ల సర్దుబాటు కూడా చూడాలి.