జలాశయపు టొడ్డున విడిది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారు సముద్రము చూడవలెనన్న తూర్పుతీరమునకు పోవలసినదే. అయినను తీరమున విడిది ఎట్లు కట్టవలెనన్న ప్రశ్న మన గడపకే వచ్చినది. సిరిసిల్ల జిల్లా మాన్వాడవద్ద, 25 టి.ఎం.సి.లకు మించి నీరు పట్టు మధ్యమానేరు జలాశయము వెలసినది. ఆ యొడ్డున విహారకేంద్రములు పెట్టవలెనను మాట వినవచ్చుచున్నది.

సముద్రపు పోటు ఎంతవరకు వచ్చునో జాలరులెరుగుదురు. 1991లో భారతప్రభుత్వము పోటుగీతనుండి 500 మీటర్ల మేర తీరమును నియంత్రణలోనికి తెచ్చినది. పల్లెపట్టులలో మొదటి 200 మీటర్లు కొత్త కట్టడములకు సామాన్యముగా నిషిద్ధములు. పిమ్మట నియమములు మారినవి. జలాశయము సంగతి వేరు. వానలు ముగియునాటికి గట్టును తాకిన నీరు వేసవికి ఎంతో దూరము జరుగును. నిండుకుండను చూచి మురిసి, నీటి యంచునే గదులు కట్టినవాడు మే నెలలో బురదకెదురుగా కూర్చుండును!

ఇందుకు సింహళమున చక్కని దృష్టాంతమున్నది. దంబుల్ల సమీపమున, కందలమ అను ప్రాచీన చెరువునకు ఎదుట, వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపొందించిన హోటలు 1994లో తెరువబడినది. మొదట సిగిరియ కొండ పాదమున కట్టుదమనిరి. ఆయన వలదని ఈ చోటు చూపెను. చెరువు మలినమగునని భిక్షువులు, గ్రామస్థులు గట్టిగా ప్రతిఘటించిరి. ఆ భయము న్యాయమైనదే. కట్టడమును రాతికొండకు ఆనించి, స్తంభములపై నిలిపి, వాననీరు క్రిందుగా పారునట్లు చేసిరి. పైకప్పులపై తోటలు, ముఖమున తీగెలు. కొన్నియేండ్లకు దూరమునుండి చూచువారికి కొండయే తప్ప భవనము కనబడకపోయెను.

మనకు ఆ కొండ లేకపోవచ్చును. కాని గూనపెంకులు, రాతిగోడలు, నడుమ వాకిలిగల ఇండ్లు మనవే. వేసవిలో చల్లదనము వానికి పుట్టుకతో వచ్చినది. కట్టడము పూర్తి నీటిమట్టమునకు బాగుగ ఎగువనుండవలెను. వంటశాల, స్నానపుగదుల మురుగు శుద్ధియై చెట్లకు పోవలెనుగాని పొలములకు పారు నీటిలో చుక్కయైనను కలియరాదు.

ఇంకొక మాట. ఈ నీటిక్రింద ఊళ్లున్నవి. తమ యిండ్లు విడిచిన కుటుంబములు చేపలకో, పాత ఊరి జాడ చూచుటకో ఒడ్డునకు వచ్చుచుందురు. విడిదికి ప్రహరీ పెట్టునపుడు వారి బాట ఎటు పోవుచున్నదో ముందుగా కాలినడకన చూచి, ఆ బాటను పటములో గీచిన పిమ్మటనే గదుల లెక్క వేయవలెను.