ఎస్ప్రెస్సోకు కెన్యా ఎస్టేట్ కాఫీ: పులుపును నిలుపుతూ వేయించే విధానం

ఒకే తోటలో పండి, అక్కడే శుద్ధి చేయబడి, ఇతర తోటల గింజలతో కలవకుండా అమ్ముడయ్యే కాఫీని సింగిల్ ఎస్టేట్ కాఫీ అని వ్యవహరిస్తారు. ఎస్ప్రెస్సోకు ఇటువంటి కాఫీ వాడకం ఇటీవలి కాలపు అలవాటే. బ్రెజిల్ అరబికాకు కొంత రోబస్టాను చేర్చి, ముదురుగా వేయించి వాడడం ఇటలీలో స్థిరపడిన పద్ధతి. కెన్యా కాఫీ ఈ పద్ధతికి లొంగదు. దానికి పేరు తెచ్చిన పులుపే ఎస్ప్రెస్సోలో దానికి చిక్కు తెచ్చిపెడుతుంది.

కెన్యా పర్వతం, అబర్డేర్ శ్రేణుల వాలులలో, సముద్ర మట్టానికి సుమారు 1,400 నుండి 2,000 మీటర్ల ఎత్తున, అగ్నిపర్వత మూలం గల ఎర్ర నేలల్లో ఈ పంట పండుతుంది. నైరి, కిరిన్యగా ప్రాంతాలలో సహకార సంఘాల చిన్న రైతులు అధికం కాగా, పెద్ద ఎస్టేట్లు ఎక్కువగా కియాంబు, తీకా, రుయిరు పరిసరాలలో ఉన్నాయి. రాత్రి చలి వల్ల కాయ నిదానంగా పండి, గింజ గట్టిపడుతుంది. 1930ల దశకంలో కబేటెలోని స్కాట్ లేబొరేటరీస్ ఎంపిక చేసిన ఎస్‌ఎల్ 28, ఎస్‌ఎల్ 34 రకాలు నేటికీ రుచిలో మేటిగా నిలుస్తున్నాయి. నల్ల ద్రాక్ష, నేరేడు జాతి పండ్లను తలపించే వాసన, నిమ్మజాతి పులుపు వీటి లక్షణాలు.

అయితే ఈ రెండు రకాలూ కాయకుళ్ళు తెగులుకు, ఆకు త్రుప్పు తెగులుకు సులభంగా లోనవుతాయి. 1922లో కెన్యాలోనే తొలిసారి గుర్తించిన కాయకుళ్ళు అదుపులో లేకపోతే పంటలో అధిక భాగం నష్టపోతుంది. 1985లో రుయిరు 11, 2010లో బాటియన్ అనే నిరోధక రకాలు విడుదలయ్యాయి. పాత రకాలను నిలుపుకొనే ఎస్టేటు మందుల పిచికారీ ఖర్చును భరించక తప్పదు. నైరోబీ నగరం విస్తరిస్తున్న కొద్దీ కియాంబు తోటల భూమికి ఇళ్ల స్థలాల ధర పలుకుతోంది. రుచికి దక్కే అదనపు ధరే ఆ చెట్లు నిలవడానికి ఆధారం. ఆ రుచిని మాడ్చివేసే వేపుడు తోట యజమాని శ్రమను కూడా వృథా చేస్తుంది.

ఎర్రగా పండిన కాయలను కోసిన రోజే పల్పింగ్ చేసి, జిగురు విడిపోయే వరకు పులియబెట్టి, కడిగి, మళ్లీ శుభ్రమైన నీటిలో నానబెట్టడం కెన్యా పద్ధతి. తరువాత ఎత్తైన బల్లలపై తేమ 11 శాతం వరకు దిగేలా ఆరబెడతారు. జల్లెడ పట్టి ఏఏ, ఏబీ, పీబీ మొదలైన శ్రేణులుగా విడదీస్తారు. ఏఏ అనేది గింజ పరిమాణానికి పేరే తప్ప రుచికి హామీ కాదు. అదే ఎస్టేటు ఏబీ గింజలు తక్కువ ధరకు సమాన రుచిని ఇచ్చిన సందర్భాలు అరుదు కావు.

ఇక వేయించడం. వడపోత కాఫీలో కరిగిన పదార్థం 1.2 నుండి 1.5 శాతం ఉంటే, ఎస్ప్రెస్సోలో అది 8 నుండి 12 శాతం. అందుచేత వడపోతలో ఆహ్లాదంగా తోచిన పులుపు ఎస్ప్రెస్సోలో నాలుకను కొరుకుతుంది. దీనికి విరుగుడుగా చాలామంది నూనె తేలేంత ముదురుగా వేయిస్తారు. అప్పుడు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలతో పాటు పండ్ల వాసన కూడా నశించి, చేదు మిగులుతుంది. ఆ స్థితిలో అది కెన్యా కాఫీ అని గుర్తించడమే కష్టం. గట్టి గింజ గనుక ఆరంభంలో వేడి చాలినంత ఇవ్వాలి, లేనిచో పైభాగం వేగి లోపలి భాగం పచ్చిగా మిగిలి గడ్డి రుచి వస్తుంది. గింజలు చిటపటమని పేలే తొలి దశ దాదాపు 196 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మొదలవుతుంది. ఇక్కడి నుండి మంటను తగ్గించి, వడపోత వేపుడు కంటే కొంత ఎక్కువసేపు కొనసాగించి, రెండవ పేలుడుకు ముందే దించాలి. పులుపు మొన తగ్గి, తీపి నిలుస్తుంది. కాలాన్ని నిమిషాలలో ఖరారు చేయడం కంటే ఒకే లాటును రెండు మూడు స్థాయిలలో వేయించి రుచి చూసి నిర్ణయించడం మేలు.

వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు నిలిచి ఉంటుంది. వెంటనే వాడితే నురగ అధికమై, నీరు పొడిలో సమంగా దిగదు. కనీసం వారం ఆగాలి. 18 గ్రాముల పొడికి సంప్రదాయికంగా 36 గ్రాముల ద్రవం తీస్తారు. కెన్యా కాఫీకి 40 నుండి 45 గ్రాముల వరకు తీయడం, నీటిని 93 నుండి 95 డిగ్రీల మధ్య ఉంచడం పులుపును సమం చేస్తాయి.

అరకు ప్రాంతపు అరబికా సుమారు 900 నుండి 1,100 మీటర్ల ఎత్తున పండుతుంది. గింజ అంత గట్టిది కాదు, పులుపూ సౌమ్యం. కనుక కెన్యా గింజకు ఇచ్చే ఆరంభపు వేడిని అరకు గింజకు యథాతథంగా ఇస్తే పైభాగం మాడుతుంది. గిరిజన రైతుల కాఫీని ఎస్ప్రెస్సోకు వేయించేవారు తక్కువ వేడితో ఆరంభించి, తొలి పేలుడు తరువాతి దశను కుదించి పరీక్షించడం ఉచితం.