అరవై కిలోల వీరులు

1993 ఏప్రిల్ 30న టోక్యోలోని యొయొగి జిమ్నాసియంలో కే-వన్ అనే కిక్‌బాక్సింగ్ టోర్నమెంట్ మొదలైంది. భారీకాయులు ఎనిమిదిమంది బరిలోకి దిగితే ఆ రాత్రికి ఒక్కడు మిగలాలి. పెట్టినవాళ్లు జపాన్ వాళ్లు, డబ్బు పోసినవాళ్లూ వాళ్లే, టికెట్లు కొని అరిచినవాళ్లూ వాళ్లే. కానీ ఆ హెవీవెయిట్ గ్రాండ్ ప్రీ కిరీటం ఒక్కసారైనా జపాన్ వాడి నెత్తికెక్కలేదు. మొదటిది క్రొయేషియాకు పోయింది. ఆ తర్వాత హాలండ్ వాళ్లు బండ్లకెత్తుకుపోయారు. మధ్యలో స్విట్జర్లాండ్‌కు ఒకటి, న్యూజిలాండ్‌కు ఒకటి. ముసాషి అనే జపాన్ వీరుడు 2003లోనూ 2004లోనూ ఫైనల్ దాకా వచ్చాడు. రెండుసార్లూ రెమీ బొన్యాస్కీ అనే ఒక్క మనిషి చేతిలోనే ఓడాడు.

జపాన్ రింగుల్లో చెప్పుకోదగ్గ వింతలన్నీ 55 కిలోలకీ 70 కిలోలకీ మధ్య జరిగాయి. ఇక్కడ చెప్పబోయేవన్నీ ఆ తేలికవాళ్ల ముచ్చట్లే.

ఎవరి కాటా వారిది

లైట్‌వెయిట్ అంటే ఎన్ని కిలోలు? అడిగిన చోటును బట్టి జవాబు మారుతుంది. పాత బాక్సింగ్ లెక్కలో 135 పౌండ్లు, అంటే 61.2 కిలోలు. కే-వన్‌లో 62.5. రైజ్ అనే మరో జపాన్ సంస్థలో 63. మాటల్లో మాత్రం 70 కిలోల లోపు వాళ్లందరినీ కలిపి తేలికవాళ్లనడం అలవాటైపోయింది.

ఆ అంకె దగ్గర జరిగే తంతు పోటీ కంటే కఠినం. ముందురోజే కాటా ఎక్కాలి. దానికి ముందు ఉప్పు మానేస్తారు, నీళ్లు తగ్గిస్తారు, చెమట సూటు తొడుక్కుని పరుగెడతారు, వేడినీళ్ల తొట్టిలో కూర్చుని ఒంట్లో ఉన్న తడంతా పిండేస్తారు. కాటా మీద ఇంకా వంద గ్రాములు ఎక్కువ చూపిస్తే, చుట్టూ తువ్వాలు అడ్డం పెట్టి ఒంటిమీద ఉన్న చివరి బట్ట కూడా విప్పిస్తారు. అంకె ఆగిన మరుక్షణం ఆ కుర్రాడు చూసేది ఫొటోగ్రాఫర్ల వైపు కాదు, తన శిక్షకుడి చేతిలోని నీళ్ల సీసా వైపు.

పదహారుసార్లు పడ్డవాడు

ఈ ఆటకు కిక్‌బాక్సింగ్ అని పేరు పెట్టింది నొగుచి ఒసాము. ఆయన ఆటగాడు కాదు, బాక్సింగ్ పోటీలు నడిపే వ్యాపారి. థాయ్‌లాండ్ ముయే థాయ్‌ని చూసి ముచ్చటపడి, దానికి జపాన్ హంగులు అద్ది 1966 ఏప్రిల్‌లో ఒసాకాలో తొలి ప్రదర్శన పెట్టాడు. అందులో దిగినవాడు సవమురా తదాషి. అసలు పేరు షిరహా హిదెకి, కరాటే కుర్రాడు. మొదటి పోటీ గెలిచి, ఈ ఆట ఇంతేనా అనుకున్నాడు.

ఇంతే కాదని ఆ ఏడాదే తెలిసొచ్చింది. టోక్యోలో సమాన్ సో ఆదిసోన్ అనే థాయ్ వీరుడు సవమురాను నాలుగు రౌండ్లలో 16 సార్లు నేలకూల్చాడు. ఇప్పటి నిబంధనల్లో ఒక రౌండులో మూడుసార్లు పడితే రెఫరీ చేతులూపేసి ఆపేస్తాడు. అప్పుడు ఆపలేదు, అతనూ ఆగలేదు. పదహారోసారి పడ్డాకే అయిపోయింది. ఓటముల్లో ఇదొక రికార్డు అనుకోవచ్చు. ఇంత దెబ్బ తిన్న మనిషి మళ్లీ రింగువైపు చూడకూడదు. అతను మాత్రం థాయ్ పద్ధతిని మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

మొత్తమ్మీద సవమురా లెక్క ఇలా తేలింది: 241 పోటీలు, 232 గెలుపులు, అందులో 228 నాకౌట్లు. ఓటములు ఐదే. గాల్లోకి ఎగిరి మోకాలితో గడ్డం కింద కొట్టే దెబ్బ అతని చేతివాటం, కాదు, కాలివాటం. దాన్ని అనుకరించని బడిపిల్లాడు అప్పటి జపాన్‌లో లేడంటారు. అతని కథ మీద కిక్ నో ఒని అనే కార్టూన్ సీరియల్ కూడా వచ్చింది.

ఆ 228 అంకె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఎదురు నిలిచినవాళ్లంతా నిజంగా పోరాడారా, కొందరు టీవీ కోసం పడ్డారా అన్న వాదన జపాన్‌లో ఈనాటికీ ఉంది. అన్నీ నిఖార్సయిన గెలుపులే అని నమ్మమంటే చెవిలో పువ్వు పెట్టినట్టే ఉంటుంది. కానీ ఆ 16 పతనాలను మాత్రం ఎవరూ కల్పన అనలేదు. అతని చిట్టాలో నాకు ఎక్కువ విలువగా కనిపించేది ఆ ఓటమే.

జిప్పుల కంపెనీ, పాటల కంపెనీ

మీ ప్యాంటు జిప్పు మీద వైకేకే అని మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి. టీబీఎస్ టీవీలో 1968 నుంచి వచ్చిన కిక్‌బాక్సింగ్ కార్యక్రమానికి డబ్బు పెట్టింది ఆ జిప్పుల కంపెనీయే. కార్యక్రమం పేరే వైకేకే అవర్. ఈ ఆట వేడి ఎంతగా రాజుకుందంటే ఒక దశలో టోక్యోలో నాలుగు చానళ్లు ఎవరి కిక్‌బాక్సింగ్ వాళ్లు చూపించాయి.

1973 మరీ వింత. బేస్‌బాల్ జపాన్‌కు ప్రాణం. ఆ ఏడాది ఓ సదహారు అనే బేస్‌బాల్ దిగ్గజం తొలిసారి ట్రిపుల్ క్రౌన్ అనే అరుదైన ఘనత సాధించాడు. అయినా ప్రొఫెషనల్ క్రీడల మహా పురస్కారం అతన్ని దాటి సవమురాకు వెళ్లింది. అదే ఏడాది జపాన్ రికార్డ్ అవార్డు ఇత్సుకి హిరోషి అనే గాయకుడికి వచ్చింది. ఆ గాయకుణ్ణి పైకి తెచ్చింది ఎవరనుకున్నారు? నొగుచి ఒసామునే! ఏడాదిలో ఉత్తమ క్రీడాకారుడు, ఉత్తమ పాట, రెండూ ఒకే వ్యాపారి గూటి నుంచి వచ్చాయి. ఇలాంటి జోడీ ఇంకో దేశంలో దొరుకుతుందని అనుకోను.

అంత కీర్తి చూసిన సవమురా రింగు దిగాక జనానికి కనిపించకుండా పోయాడు. పిచ్చెక్కిందన్నారు, పోయాడన్నారు. అవన్నీ పుకార్లే. 2021 మార్చిలో, 78 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

పద్నాలుగేళ్ల బాకీ

సవమురా అంకెల మీద వాదన ఉంది గానీ, ఫుజివరా తోషియో అంకె మీద వాదన లేదు. లైట్‌వెయిట్ అన్న మాటకు జపాన్‌లో అసలైన యజమాని ఇతనే.

కథ 1964లో మొదలవుతుంది. క్యోకుషిన్ కరాటే వాళ్లు ముగ్గురు బ్యాంకాక్‌లోని లుంపినీ స్టేడియానికి వెళ్లి థాయ్ వీరులతో తలపడ్డారు. ఇద్దరు గెలిచారు. మూడోవాడు, కురొసాకి కెంజి, మోచేతి దెబ్బకు కూలిపోయాడు. మిగతా ఇద్దరి గెలుపు కంటే ఈయన ఓటమే చరిత్రను తిప్పింది. టోక్యోకు తిరిగొచ్చి మెజిరో జిమ్ పెట్టాడు. అక్కడ శిక్షణ ఎంత కఠినమంటే, వచ్చినవాళ్లలో నిలిచినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఒకడు ఫుజివరా.

1978 మార్చి 18. వేదిక కొరకుఎన్ హాల్. టోక్యోలో ఓ భవనం ఐదో అంతస్తులో ఉండే ఈ హాలు మన పాత టాకీసు కంటే పెద్దదేం కాదు. వెనక మెట్లదారి గోడల నిండా అభిమానులు గీసిన రాతలు. బాల్కనీలో నిలబడ్డవాడికి కూడా పిడికిలి తగిలిన చప్పుడు వినిపించేంత దగ్గర. ఆ రాత్రి అక్కడ థాయ్‌లాండ్‌లోని రాజదమ్నేన్ స్టేడియం ఇచ్చే లైట్‌వెయిట్ బెల్టు పణంగా ఉంది. బెల్టు ఉన్నది మోన్‌సవన్ లుక్‌చియాంగ్‌మై నడుముకి. నాలుగో రౌండులో ఇద్దరూ పెనుగులాడుతూ కలిసి పడ్డారు. థాయ్ వీరుడి తల నేలకు తగిలింది. ఇక లేవలేదు.

అప్పటిదాకా రాజదమ్నేన్ బెల్టును థాయ్‌లాండ్ వాడు కానివాడు ఎవడూ గెలవలేదు. ఫుజివరా మొదటివాడు. వయసు 30 ఏళ్ల 15 రోజులు. ఆ ముగింపు అంత అందంగా లేదని ముఖం చిట్లించేవాళ్లున్నారు. అది నిజమే. కానీ 141 పోటీల్లో 126 గెలుపులు, అందులో 99 నాకౌట్లు ఉన్న మనిషిని ఒక్క తోపులాటతో కొలవకూడదు. వందకు ఒక్కటి తక్కువ చూశారా? ఆ ఒక్కటి కోసం ఇంకో పోటీ ఆడకుండా ఆగిపోయినందుకు అతనంటే నాకు మరింత గౌరవం. బెల్టు మాత్రం అదే ఏడాది బ్యాంకాక్‌లో చేజారింది. అదే స్టేడియం లైట్‌వెయిట్ బెల్టును 38 ఏళ్ల తర్వాత, 2016లో, ఉమెనో గెంజి అనే మరో జపాన్ వీరుడు టోక్యోలో గెలుచుకున్నాడు.

కురొసాకి దగ్గర నేర్చుకున్న యాన్ ప్లాస్ అనే డచ్చివాడు 1978లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో జిమ్ పెట్టి దానికీ మెజిరో అనే పేరు పెట్టాడు. డచ్చి కిక్‌బాక్సింగ్ వంశవృక్షానికి ఒక వేరు అక్కడుంది. కే-వన్ కిరీటాలు మోసుకుపోయిన హాలండ్‌కు ఆ విద్య కొంత జపాన్ నుంచే వెళ్లిందన్నమాట.

వీధికుక్క అనే బిరుదు

మన దగ్గర పులి, సింహం, రెబల్ లాంటి బిరుదులే పెట్టుకుంటారు. 1990ల నాటి జపాన్ లైట్‌వెయిట్ కొబయాషి సతోషి బిరుదు నొరాఇను. అంటే ఊరకుక్క. అతను దాన్ని గర్వంగా మోశాడు.

డిసెంబరు 31 రాత్రి

జపాన్‌లో ఏడాది చివరి రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని కోహకు అనే పాటల పోటీ చూస్తారు. 2003లో కే-వన్ ఆ అలవాటుకు గండి కొట్టింది. మాజీ సుమో యోకొజునా (మహా చాంపియన్) అకెబొనో, మరో భారీకాయుడు బాబ్ సాప్ తలపడ్డ ఆ కొద్ది నిమిషాలు కోహకు కంటే ఎక్కువమంది ఈ పోటీనే చూశారు. అది భారీకాయుల తమాషా. మరుసటి ఏడాది, 2004లో, తేలికవాళ్ల వంతు వచ్చింది. కే-వన్ వాళ్లు తేలికవాళ్ల కోసం పెట్టిన మాక్స్ టోర్నమెంట్‌ను 2003లో గెలిచిన మసాటోకీ, కుస్తీ నుంచి వచ్చిన యమమొతో కిడ్‌కీ పోటీ. కిడ్ పొట్టివాడు, బరువు తక్కువ. అయినా మొదటి రౌండులోనే మసాటోను పడగొట్టాడు. చివరికి మసాటో గెలిచాడు. ఆ పోటీ నడుస్తుండగా టీవీ రేటింగు 31.6 శాతాన్ని తాకింది. మసాటో 2008లో మళ్లీ టైటిల్ కొట్టి, 2009 డిసెంబరు 31న అంతకుముందు తనను ఇబ్బంది పెట్టిన ఆండీ సౌవర్ అనే ప్రత్యర్థి మీదే గెలిచి సెలవు తీసుకున్నాడు. గెలిచి వెళ్లిపోవడం ఈ ఆటలో చాలా అరుదు.

తన్నితే యాభై లక్షల డాలర్లు

నసుకవా తెన్షిన్ 1998లో చిబాలో పుట్టాడు. ఐదేళ్లకు కరాటే, 15 ఏళ్లకు ప్రొఫెషనల్ రింగు, 16 ఏళ్లకు రైజ్ చాంపియన్. 18 ఏళ్లప్పుడు వాంచలోంగ్ అనే పేరున్న థాయ్ వీరుణ్ణి వెనక్కి తిరిగి కొట్టిన తన్నుతో మొదటి రౌండులోనే పడుకోబెట్టాడు. కిక్‌బాక్సింగ్ నుంచి వెళ్లిపోయేనాటికి చిట్టా 42 పోటీలు, 42 గెలుపులు. అందులో అందరికంటే దగ్గరగా వచ్చి ఊపిరాడనివ్వనివాడు థాయ్‌లాండ్ రొడ్‌టాంగ్. 2018 జూన్‌లో అదనపు రౌండు పెడితేగానీ తేలలేదు. ఈ పేరు గుర్తుంచుకోండి.

అదే ఏడాది డిసెంబరు 31న బాక్సింగ్ దిగ్గజం ఫ్లాయిడ్ మేవెదర్‌తో ప్రదర్శన పోటీ పెట్టారు. బాక్సింగ్ నిబంధనలే. తెన్షిన్ ఒక్క తన్ను తన్నితే 50 లక్షల డాలర్ల జరిమానా అని ఒప్పందంలో రాసుకున్నారు. కాళ్లతో బతికేవాడి కాళ్లకు సంకెళ్లు! మొదటి రౌండులోనే మూడుసార్లు పడ్డాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బరువులోనూ అనుభవంలోనూ పొంతన లేని ఆ తతంగాన్ని పోటీ అనడానికి నాకు మనసొప్పదు. చిట్టాలోకీ ఎక్కలేదు.

చిట్టాలోకి ఎక్కినదాంట్లో పెద్దది 2022 జూన్ 19. టోక్యో డోమ్. ఎదురుగా టకెరు. కే-వన్‌లో 55, 57.5, 60 కిలోల మూడు తరగతుల్లో చాంపియన్. దెబ్బ తగిలితే నవ్వుతాడు. ఈ ఇద్దరూ వేర్వేరు సంస్థల వాళ్లు కావడంతో ఈ పోటీ కోసం అభిమానులు ఏడేళ్లు ఎదురుచూశారు. బరువు దగ్గర బేరం: ముందురోజు కాటాలో 58 కిలోలు, పోటీ రోజు మళ్లీ తూచితే 62 దాటకూడదు. ఒకడు పైకి ఎక్కాలి, ఒకడు కిందికి దిగాలి. ముందు వరుస టికెట్ 30 లక్షల యెన్‌లు. పోటీకి మూడు వారాల ముందు ఫుజి టీవీ ప్రసారం నుంచి తప్పుకుంది. అయినా డోముకు 56,399 మంది వచ్చారు. డబ్బు కట్టి ఇంటర్నెట్‌లో చూసినవాళ్లు 5 లక్షలకు పైనే.

మొదటి రౌండు ముగియబోతోంది. టకెరు ముందుకు తోసుకొచ్చాడు. తెన్షిన్ ఎడమచేతివాటం వాళ్ల తీరులో నిలబడతాడు. ఒక అర అడుగు పక్కకు జరిగి పొట్టిగా ఓ ఎడమ హుక్ వేశాడు. పెద్దగా ఊపు కూడా లేదు. టకెరు కూర్చుండిపోయాడు. తర్వాతి రెండు రౌండ్లూ నవ్వుతూనే మీదికి వెళ్లాడు గానీ ఆ ఒక్క పతనం పూడలేదు. ఐదుగురు జడ్జీలూ తెన్షిన్‌కే వేశారు. కొద్దిరోజులకు టకెరు తన బెల్టు వదులుకుని, కుంగుబాటుతోనూ భయాందోళన జబ్బుతోనూ కొన్నేళ్లుగా బాధపడుతున్నానని బయటపెట్టాడు. ఆ నవ్వు వెనక అంత ఉందని డోములో ఎవరికీ తెలియదు.

ఎనభై సెకన్లు

తెన్షిన్ 2023లో బాక్సింగ్‌కు వెళ్లిపోయాడు. టకెరు వన్ చాంపియన్‌షిప్ అనే సంస్థలో చేరాడు. 2024 జనవరిలో సూపర్‌లెక్ అనే ప్రత్యర్థి కాలి దెబ్బలకు ఐదు రౌండ్లు తట్టుకుని నిర్ణయంలో ఓడాడు. 2025 మార్చి 23న సైతామాలో ఎదురుపడ్డది పైన చెప్పిన రొడ్‌టాంగే. తెన్షిన్‌తో అదనపు రౌండు దాకా వెళ్లినవాడు టకెరును నిమిషం 20 సెకన్లలో ముగించాడు. జపాన్ అభిమానులు తలలు పట్టుకున్నారు.

అదే వేదిక, అదే రాత్రి, అంతకుముందే ఇంకొకటి జరిగింది. కే-వన్ వాళ్లు బడిపిల్లల బేస్‌బాల్ పోటీ పేరు అరువు తెచ్చుకుని కోషియెన్ అని హైస్కూలు కుర్రాళ్లకో టోర్నమెంట్ పెట్టేవారు. 2009లో దాన్ని గెలిచినవాడు నొయిరి మసాకి. వన్‌లో అతని మొదటి రెండు పోటీలూ ఓటములే, అందుకే ఆ రాత్రి అతని మీద పెద్దగా ఎవరికీ ఆశల్లేవు. ఎదురుగా నిలబడ్డది తవాన్‌చాయ్, థాయ్‌లాండ్ గర్వంగా చెప్పుకునే పేరు. మూడో రౌండులో రెఫరీ మధ్యలో దూరి ఆపినప్పుడు నిలబడి ఉన్నది నొయిరి, తాత్కాలిక ప్రపంచ బెల్టు అతనికే కట్టారు.