కదిలే ఇల్లు అదుపు తప్పితే?

వేసవి వచ్చిందంటే అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ప్రయాణం హడావుడి మొదలు. కందిపొడి, కారప్పూస పెట్టెల్లో సర్దుకుని విమానం ఎక్కేస్తారు. తీరా అక్కడికి వెళ్లాక "అమ్మా, ఈసారి హోటళ్ల గొడవ వద్దు. మోటార్ హోమ్ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ చూసొద్దాం" అంటాడు కొడుకు. మోటార్ హోమ్ అంటే చక్రాల మీద ఇల్లన్నమాట. గ్యాస్ స్టౌ, ఫ్రిజ్, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. నచ్చిన చోట ఆపి వేడివేడిగా పప్పూ అన్నం వండుకోవచ్చు.

సరదా సరే. మరి కొండదారిలో ఆ ఇంటి గేర్ బాక్స్ మొరాయిస్తే? "బండి సంగతులు మనకెందుకు, అబ్బాయి చూసుకుంటాడులే" అనుకోకండి. ఇంటిల్లిపాదీ కూర్చునేది ఆ బండిలోనే కదా!

బరువే అసలు చిక్కు

అద్దెకిచ్చే మోటార్ హోములు చాలావరకు వ్యాన్ ఛాసిస్ మీద కట్టినవే. ఉదాహరణకు ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన బండి, సామానూ మనుషులతో కలిపి 14,500 పౌండ్ల దాకా, అంటే సుమారు 6,500 కిలోల దాకా తూగవచ్చు. మామూలు కారుకు ఇది నాలుగు రెట్లు. ఇంత బరువును కొండెక్కించేటప్పుడు ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లోని ఆయిల్ బాగా వేడెక్కుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లను అదిమి పట్టి ఉంచేది ఆ ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ తగ్గినా, మాడినా ప్లేట్లు జారిపోతాయి. ఇంజన్ రొద పెడుతుంది గానీ బండి మాత్రం ముందుకు సాగదు.

ఎక్కేటప్పుడు ఇలా జరిగితే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు జరిగితేనే ప్రమాదం. చిన్న గేర్‌లో ఉన్నప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు తప్పితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అదేపనిగా తొక్కితే బ్రేకులు కాగిపోయి పట్టు వదిలేస్తాయి. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలకూడదని మన డ్రైవర్లు చెప్పేది కూడా ఇందుకే.

మాడువాసన పసిగట్టండి

గేర్ బాక్స్ చాలాసార్లు ముందే సూచనలిస్తుంది. పొయ్యి మీది పాలు అడుగంటితే హాల్లోంచే కనిపెట్టే మనకు ఇదొక లెక్కా!

* మాడిన వాసన వస్తోందా? ఎక్కుడులో అయితే గేర్ ఆయిల్, దిగుడులో అయితే బ్రేకులు కావచ్చు. ఏదైనా సరే, ఆపాల్సిందే.
* గేర్ వేశాక బండి రెండు మూడు క్షణాలు ఆలోచించి, ధడేల్మని కదులుతోందా?
* ఇంజన్ హోరు పెరిగినా వేగం పెరగడం లేదా?
* బండి నిలిపిన చోట నేల మీద ఎర్రటి చుక్కలున్నాయా? గేర్ ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడువాసన వేస్తే అది పాడైనట్లే.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "ఇంకో యాభై మైళ్లేగా" అని లాగించకుండా, సురక్షితమైన చోట ఆపి అద్దెకిచ్చిన వాళ్లకు ఫోన్ చేయమనండి.

ఉన్నట్టుండి బండి మాట వినకపోతే

చదునైన రోడ్డు మీద గేరు పట్టు వదిలేస్తే కంగారు పడొద్దు. హజార్డ్ లైట్లు వేసి, బండికున్న ఊపుతోనే మెల్లగా కుడి అంచుకు చేర్చాలి. ఆగేదాకా ఇంజన్ ఆపకూడదు. ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు అందే సాయమూ పోతుంది. ఆగాక అందరూ దిగి, వచ్చేపోయే బళ్లకు దూరంగా, రోడ్డు కమ్మీకి అవతల నిలబడాలి.

దిగుడులో బ్రేకులు పట్టకపోతే పెడల్‌ను గబగబా పదేపదే తొక్కాలి. గేరును ఒక్కొక్కటిగా తగ్గించాలి. పార్కింగ్ బ్రేకును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా బిగించాలి. యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే మాత్రం గట్టిగా బ్రేక్ తొక్కి న్యూట్రల్‌లోకి మార్చాలి. ఈ రెంటికీ తేడా డ్రైవింగ్ చేసేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

డెన్వర్ నుంచి పడమటికి వెళ్లే ఐ-70 రోడ్డు మీద, దాదాపు 11,150 అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది. అది దాటగానే మైళ్ల తరబడి దిగుడే. అలాంటి చోట్ల పక్కకు చీలి, కంకర పోసిన ర్యాంపులు కనిపిస్తాయి. బోర్డు మీద ట్రక్ అని రాసి ఉన్నా, బ్రేకులు పోయిన ఏ బండైనా అందులోకి వెళ్లవచ్చు. కంకరలో కూరుకుపోయి ఆగుతుంది. బండి పాడైతే పోనివ్వండి, ప్రాణాలు దక్కుతాయి.

ఆగిన బండినీ నమ్మొద్దు

గేరు 'పి'లో పెడితే చాలనుకుంటాం. లోపల బండిని పట్టి ఉంచేది చిన్న ఇనుప కొక్కెం మాత్రమే. అది సరిగ్గా పడకపోతే ఆగిన బండి వెనక్కి కదలవచ్చు. 1970లలో ఫోర్డ్ బళ్లు ఇలా పార్క్ నుంచి రివర్స్‌లోకి జారుతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1980లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ రెండు కోట్లకు పైగా బళ్ల యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. అందుకే ముందు పార్కింగ్ బ్రేక్ వేయాలి, ఇంజన్ ఆపాలి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. ఆ తర్వాతే పిల్లల్ని దించాలి.

బయల్దేరే ముందు

* బండి 17 అక్షరాల, అంకెల విఐఎన్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఛాసిస్ ఒకరిది, పైన ఇల్లు కట్టింది ఇంకొకరు. లోపాలుంటే ఇద్దరూ వేరువేరుగా వెనక్కి పిలుస్తారు. రెండూ అడగండి.
* బరువులు తీసుకెళ్లేటప్పుడు వాడే టో-హాల్ మీట ఎక్కడుందో చూపించమనండి. కొండల్లో అది ఎంతో మేలు.
* నీళ్ల ట్యాంకు నిండా నింపకండి. ఒక్కో లీటరూ ఒక్కో కిలో.
* కుక్కరు, గిన్నెలు, ఊరగాయ సీసాలు కింది అరల్లో బిగించండి. బండి కుదుపుకు పైనున్నవి ఎగిరి తలల మీద పడతాయి.
* బండి కదులుతుండగా స్టౌ వెలిగించొద్దు. గ్యాస్ వాల్వు కట్టేయండి. "కాస్త కాఫీ పెట్టమ్మా" అంటే "బండి ఆపు నాయనా, పెడతాను" అనండి.
* మంచం మీద పడుకుని ప్రయాణం వద్దు. పిల్లలతో సహా అందరూ బెల్టు పెట్టుకోవాల్సిందే.

డ్రైవర్ కళ్లు రోడ్డు మీదుంటాయి. వాసనలూ చప్పుళ్లూ ముందు తెలిసేది పక్కన కూర్చున్న వాళ్లకే. "బండి గురించి నీకేం తెలుసు?" అని మీవారు విసుక్కుంటే ఊరుకోకండి. "నాకేమీ తెలియదండీ, మాడువాసన మాత్రం తెలుసు. ముందు ఆపండి" అనండి.